"టక్" అన్న తర్వాత ఏంటి? కైరోప్రాక్టిక్ + రిహాబ్ ఎక్సర్‌సైజ్, పూర్తి కథ

 

ఈ పాటికి మీ రీల్స్‌లో ఒక్కసారైనా ఈ వీడియో వచ్చే ఉంటుంది. ఒక మనిషి బల్ల మీద బోర్లా పడుకుని ఉంటాడు. శబ్దం బాగా వినపడాలని పక్కనే మైక్ పెట్టి ఉంటారు. ఒకాయన వచ్చి నడుము మీద చెయ్యి పెట్టి ఒక్క నొక్కు నొక్కుతాడు. టక్. మెడ తిప్పుతాడు. టక టక టక. ఆ మనిషి లేచి కళ్ళనీళ్ళు పెట్టుకుని "పదేళ్ళ నొప్పి పోయింది" అంటాడు. కింద లక్షల్లో వ్యూస్. కామెంట్స్‌లో సగం మంది "హైదరాబాద్‌లో ఎక్కడ బ్రో?" అని, మిగతా సగం "అంతా ఫేక్" అని.

నాకైతే రెండు బ్యాచ్‌లూ అసలు ప్రశ్న అడగట్లేదు అనిపిస్తుంది. బల్ల దిగి ఇంటికెళ్ళాక ఆ మనిషి ఏం చేశాడు? మర్నాడు పొద్దున? మూడో వారం? ఆరో నెల? వీడియో అక్కడికి రాకముందే కట్ అయిపోతుంది. ఇవాళ మనం ఆ కట్ అయిన పార్ట్ గురించి మాట్లాడుకుందాం.

ముందే చెప్పేస్తా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు వీడియోలు చేస్తున్నవాడిని. చదివింది, తెలుసుకున్నది చెప్తున్నా. మీ నడుము మీద నిర్ణయం మాత్రం మిమ్మల్ని ముట్టుకుని చూసిన మనిషితో మాట్లాడి తీసుకోండి.

సరే. ఈ కైరోప్రాక్టిక్ ఎక్కడ పుట్టింది? అమెరికాలో, అయోవా రాష్ట్రంలో డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో, 1895లో. డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన. అంతకుముందు ఆయన "మ్యాగ్నెటిక్ హీలింగ్" అంటూ చేసేవాడు. తను ఉండే బిల్డింగ్‌లో పనిచేసే హార్వీ లిలార్డ్ అనే వ్యక్తికి వినికిడి లోపం ఉంటే, వెన్నులో ఒక ఎముక సరిచేశాను, వినికిడి వచ్చింది అన్నాడు. అక్కణ్ణుంచి ఒక సిద్ధాంతం కట్టేశాడు: దాదాపు అన్ని రోగాలకీ కారణం వెన్నుపూస పక్కకి జరగడమే అని. దాన్నే కైరోప్రాక్టిక్‌లో సబ్‌లక్సేషన్ అంటారు. ఆ సిద్ధాంతానికి సైన్స్‌లో నిలిచే ఆధారం లేదు. నడుము నొక్కితే షుగర్ తగ్గుతుంది, పిల్లల ఆస్తమా పోతుంది అని ఎవరైనా చెప్తే, దండం పెట్టి బయటికి వచ్చేయండి.

కానీ కథ అక్కడ ఆగలేదు. ఇది చాలామందికి తెలియని ముక్క. చెకోస్లొవేకియాలో, ప్రాగ్‌లో వ్లాదిమిర్ యాండా అని ఒక డాక్టర్ ఉండేవాడు. చిన్నప్పుడే పోలియో వచ్చిన మనిషి. కండరాల మీదే జీవితమంతా పనిచేశాడు. నొప్పి ఉన్న చోటు ఒక్కటే చూస్తే సరిపోదు, మనిషి ఎలా కదులుతున్నాడో చూడాలి, ఏ కండరం బిగిసింది, ఏది పని ఎగ్గొడుతోంది చూడాలి అన్నాడు. ఆ ప్రాగ్ డాక్టర్ల పద్ధతుల్ని అమెరికాలో కైరోప్రాక్టర్ల దగ్గరికి తెచ్చినవాళ్ళలో లాస్ ఏంజెలెస్‌కి చెందిన క్రెయిగ్ లీబెన్సన్ ముఖ్యుడు. ఆయనే ఒక కైరోప్రాక్టర్. 1996లో వెన్ను రిహాబిలిటేషన్ మీద ఆయన ఎడిట్ చేసిన పుస్తకం వచ్చింది. అప్పటినుంచి ఆ వృత్తిలో రెండు దారులు స్పష్టంగా కనిపిస్తాయి. ఒకటి: "నేను సరిచేస్తా, నువ్వు పడుకో, వారానికి మూడుసార్లు రా." రెండోది: "నేను చూస్తా, కొంచెం సాయం చేస్తా, మిగతాది నువ్వు చెయ్యాలి, నేర్పిస్తా." బోర్డు మీద పేరు రెండిటికీ ఒకటే. లోపల జరిగేది మాత్రం వేరు.

ఇప్పుడు ఆ "టక్" సంగతి. ఎముక పక్కకి జరిగి మళ్ళీ స్లాట్‌లో కూర్చుంది అనుకుంటాం. కాదు. జాయింట్ లోపల ద్రవం ఉంటుంది, అందులో గ్యాస్ కరిగి ఉంటుంది. రెండు ఎముకల ఉపరితలాలు ఒక్కసారిగా విడిపోయినప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి గ్యాస్‌తో ఒక ఖాళీ ఏర్పడుతుంది. 2015లో కెనడాలో అల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు ఒక మనిషి వేళ్ళు విరుస్తుండగా ఎమ్మారైలో వీడియోలా తీసి మరీ చూపించారు. అందుకే ఒకసారి వేలు విరిచాక వెంటనే మళ్ళీ విరిస్తే మోగదు. కాసేపు ఆగాలి. అంటే ఆ శబ్దం రిపేర్ అయినట్టు సర్టిఫికెట్ కాదు.

మరి హాయిగా ఎందుకుంటుంది? ఆ నొక్కు వల్ల కండరాల బిగువు కాసేపు తగ్గుతుంది, నొప్పి సిగ్నల్ కొంచెం మందగిస్తుంది, మెడో నడుమో ఇంకొంచెం తిరుగుతుంది. ఇది నిజమే, ఊహ కాదు. కాకపోతే ఎక్కువసేపు ఉండదు. మా భాషలో చెప్పాలంటే సర్వర్ రీస్టార్ట్ చేసినట్టు. కాసేపు బ్రహ్మాండంగా నడుస్తుంది. మెమరీ లీక్ మాత్రం కోడ్‌లో అలాగే ఉంటుంది.

ఆ హాయిగా ఉన్న కాస్త టైమ్‌లోనే ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టాలి, పాయింట్ అంతా ఇదే. నిన్నటిదాకా వంగలేని మనిషి ఇవాళ కొంచెం వంగగలుగుతున్నాడు. అప్పుడే సరిగ్గా వంగడం నేర్పించాలి.

దీనికి లెక్కలున్నాయా అంటే ఉన్నాయి. బ్రిటన్‌లో యూకే బీమ్ అని ఒక పెద్ద ట్రయల్ చేశారు, 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నడుము నొప్పి ఉన్న 1334 మంది. మామూలు డాక్టర్ వైద్యం అందరికీ ఉంది. దాని మీద కొందరికి ఎక్సర్‌సైజ్ క్లాసులు, కొందరికి చేత్తో చేసే మానిప్యులేషన్, కొందరికి ముందు 6 వారాలు మానిప్యులేషన్, ఆ తర్వాత 6 వారాలు ఎక్సర్‌సైజ్. నొప్పి వల్ల రోజువారీ పనులు ఎంత ఆగిపోతున్నాయో 24 పాయింట్ల స్కేల్ మీద కొలిచారు. మామూలు వైద్యం కంటే అదనంగా మూడు నెలలకి ఎక్సర్‌సైజ్ వాళ్ళకి 1.4 పాయింట్లు, మానిప్యులేషన్ వాళ్ళకి 1.6, రెండూ కలిపిన వాళ్ళకి 1.9 మెరుగైంది. ఏడాదికి కూడా కలిపిన గ్రూప్‌కి 1.3 మిగిలింది.

చూశారా? కలిపితేనే ఎక్కువ. కానీ 24లో 1.9 అంటే అద్భుతం కాదు. "పదేళ్ళ నొప్పి టక్‌తో పోయింది" అనే వీడియోకీ ఈ నంబర్‌కీ మధ్య ఎంత దూరం ఉందో గమనించండి. నాకు ఈ స్టడీ నచ్చింది అందుకే. అబద్ధపు ఆశ పెట్టదు, ఉన్న ఉపయోగాన్ని కొట్టేయదు.

మెడ నొప్పి మీద ఇంకోటి, 2012లో అమెరికాలో. 272 మంది. ఒక గ్రూప్‌కి మందులు, ఒక గ్రూప్‌కి 12 వారాలు మానిప్యులేషన్, మూడో గ్రూప్‌కి గంట చొప్పున రెండంటే రెండే సెషన్లు, అందులో ఇంట్లో చేసుకునే ఎక్సర్‌సైజులు నేర్పి పంపించేశారు. మానిప్యులేషన్ మందుల కంటే బాగా పనిచేసింది. కానీ ఆ రెండు సెషన్ల వాళ్ళు కూడా చాలావరకు మానిప్యులేషన్ వాళ్ళతో సమానంగానే ఉన్నారు. రెండు గంటలు నేర్పినందుకు! అందుకే బ్రిటన్ గైడ్‌లైన్స్ 2016లో గట్టిగానే చెప్పాయి: నడుము నొప్పికి చేతి వైద్యం చేయొచ్చు, కానీ ఎక్సర్‌సైజ్ ఉన్న ప్యాకేజీలో భాగంగానే, ఒంటరిగా కాదు.

ఇప్పుడు అసెస్‌మెంట్. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటా, ఎందుకంటే మీరు మోసపోయేదీ బాగుపడేదీ ఇక్కడే.

మంచి మనిషైతే బల్ల ఎక్కించే ముందు చాలాసేపు మాట్లాడతాడు. ఎప్పుడు మొదలైంది, కూర్చుంటే ఎక్కువా నడిస్తే ఎక్కువా, పొద్దున ఎలా ఉంటుంది, కాల్లోకి దిగుతోందా, ఎక్కడిదాకా. ఆ తర్వాత ప్రమాద సూచనల ప్రశ్నలు. జ్వరం ఉందా? కారణం లేకుండా బరువు తగ్గారా? ఇంతకుముందు క్యాన్సర్ ఏదైనా? ఈమధ్య పడ్డారా? మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పడిపోవడం ఉందా? తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియట్లేదా? ఈ చివరి రెండిట్లో దేనికైనా అవును అంటే కైరోప్రాక్టరూ వద్దు, ఎక్సర్‌సైజూ వద్దు, నేరుగా హాస్పిటల్ ఎమర్జెన్సీకి. గంటలు లెక్క అక్కడ. ఈ ప్రశ్నలు అడక్కుండా మెడ మీద చెయ్యి వేసే మనిషి దగ్గర ఉండకండి.

తర్వాత నరాల పరీక్ష. మోకాలి దగ్గర, మడమ దగ్గర చిన్న సుత్తితో కొట్టి రిఫ్లెక్స్ చూస్తారు. బొటనవేలు పైకి లేపమని అడ్డంగా నొక్కి బలం చూస్తారు. మడమల మీద నడవమంటారు. పడుకోబెట్టి కాలు తిన్నగా పైకి లేపుతారు, నొప్పి మోకాలి కిందిదాకా పాకుతోందా అని. ఆ తర్వాత కదలిక. పదిసార్లు ముందుకి వంగండి, ఇప్పుడెలా ఉంది? పదిసార్లు వెనక్కి, ఇప్పుడెలా ఉంది? కొందరికి ఒక దిక్కు కదిలితే కాల్లో నొప్పి వెనక్కి తగ్గి నడుములోకి వస్తుంది. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్ట్ రాబిన్ మెకెంజీ ఈ విషయం మీదే ఒక పద్ధతి కట్టాడు. నొప్పి కాల్లోంచి నడుములోకి రావడం మంచి గుర్తే, భయపడక్కర్లేదు. ఏ దిక్కు పనికొస్తుందో అదే మొదటి ఎక్సర్‌సైజ్ అవుతుంది. ఒంటి కాలి మీద నిలబడమంటారు. కింద నుంచి ఏదైనా ఎత్తమంటారు. పక్కకి తిరిగి ప్లాంక్ ఎంతసేపు పట్టగలరో సెకన్లు రాసుకుంటారు.

ఆ రాసుకోవడం ముఖ్యం. ఆరు వారాల తర్వాత పోల్చడానికి మీ ఫీలింగ్ కాకుండా ఒక నంబర్ ఉండాలి కదా.

దీనికి రివర్స్‌లో ఇంకో రకం అసెస్‌మెంట్ ఉంటుంది. మొదటి రోజే ఎక్స్‌రే. స్క్రీన్ మీద ఎర్ర గీతలు. "మీ మెడ వంపు పోయింది", "ఒక కాలు పొట్టిగా ఉంది". వేళ్ళతో తడిమి "ఇదిగో ఈ పూస ఇరుక్కుంది". ఇలా తడిమి చూడటంలో ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు, ఇద్దరి మధ్య పొత్తు చాలా తక్కువ అని స్టడీలున్నాయి. అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషనే 2017లో తన మెంబర్లకి చెప్పింది: ప్రమాద సూచనలు లేకపోతే కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మొదటి ఆరు వారాల్లో ఇమేజింగ్ వద్దు అని. పడుకోబెట్టి చేసే ట్రీట్‌మెంట్లు రోగి చురుగ్గా చేసే ప్లాన్‌కి సాయపడకపోతే వాటిని సాగదీయొద్దు అని కూడా. వాళ్ళ సంఘమే చెప్పిన మాట ఇది, నాది కాదు.

ఇక్కడ ఒక మెయిల్ గురించి చెప్పాలి. ఆయన పర్మిషన్ తీసుకున్నా, పేరు చెప్పను. డల్లాస్ దగ్గర ఉంటారు, మన గుంటూరు వైపు వాళ్ళే, 34 ఏళ్ళు. నాకంటే పెద్దాయనైనా "బ్రో" అనే రాశారు. రోజుకి తొమ్మిది పది గంటలు కుర్చీలో. కూర్చుంటే నొప్పి, పొద్దున సింక్ దగ్గర వంగితే నొప్పి, నడిస్తే కొంచెం నయం. ఎమ్మారైలో "ఎల్‌4-ఎల్‌5 డిస్క్ బల్జ్" అని వచ్చింది. దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళ్తే 36 సిట్టింగులు, డబ్బు ముందే కట్టాలి అన్నారు. కట్టారు. వెళ్ళిన రోజు బాగుంటుంది, మర్నాటికి మామూలే. ఎక్సర్‌సైజ్ ఒక్కటీ చెప్పలేదు. పైగా "బరువులు ఎత్తకండి, డిస్క్ జారిపోతుంది" అన్నారు. మెయిల్ చివర్లో ఒక లైన్ రాశారు: "మా పాపకి రెండేళ్ళు బ్రో. ఎత్తుకోవడం మానేసి నాలుగు నెలలైంది. ఇప్పుడు అది నా దగ్గరికి రావడం మానేసి డైరెక్ట్‌గా వాళ్ళమ్మ దగ్గరికే పోతోంది."

ఆ లైన్ చదివాక ఈ ఎపిసోడ్ చేయాలనుకున్నా.

ముందు ఆ రిపోర్ట్ సంగతి. 2015లో ఒక రివ్యూ వచ్చింది. నొప్పి అసలు లేని 3110 మంది స్కాన్‌లు కలిపి చూశారు. ముప్పైల్లో ఉన్నవాళ్ళలో 40 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. మళ్ళీ చెప్తున్నా, నొప్పి లేనివాళ్ళలో. అంటే రిపోర్ట్‌లో ఆ మాట కనపడగానే నొప్పికి కారణం అదేనని తీర్మానించలేం. ముఖం మీద ముడతలు వచ్చినట్టు లోపల కూడా కొన్ని వస్తాయి. "జారిపోతుంది" అనే భయం మాత్రం స్కాన్‌లో కనపడకుండా మనిషిని ముడుచుకుపోయేలా చేస్తుంది. కదలడు. కదలకపోతే బలం పోతుంది. బలం పోతే చిన్న పనికే నొప్పి. నొప్పి వస్తే ఇంకా భయం.

ఆయన అక్కడే రిహాబ్ కూడా చేసే ఇంకో కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్ళారు. ఏం చేశారో వివరంగా రాసి పంపారు. మొదటి రోజు నేను పైన చెప్పిన పరీక్షలన్నీ. ఆయనకి వెనక్కి వంగితే నయంగా ఉందని తేలింది. మొదటి రెండు వారాల్లో నాలుగుసార్లు నడుముకి మానిప్యులేషన్. ప్రతిసారీ అది అయిన వెంటనే, అదే గదిలో, కింద మ్యాట్ మీద ఎక్సర్‌సైజ్. బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడం. తర్వాత బర్డ్ డాగ్: చిన్నపిల్లలు పాకే పొజిషన్‌లో ఉండి ఎడమ చెయ్యి ముందుకి, కుడి కాలు వెనక్కి చాచి 10 సెకన్లు. నడుము మీద నీళ్ళ గ్లాసు పెట్టినా ఒలకకూడదు అన్నట్టు. పక్కకి తిరిగి మోకాళ్ళ మీద సైడ్ ప్లాంక్. సగం లేచే కర్ల్ అప్. ఈ మూడూ కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ పాపులర్ చేసినవి, బిగ్ త్రీ అంటారు. వెన్ను మీద తక్కువ భారం పడుతూ చుట్టూ కండరాలు ఎక్కువ పనిచేసేలా ఎంచుకున్నవి. పొద్దున లేచిన వెంటనే ముందుకి వంగే పనులు వద్దన్నారు. రాత్రంతా డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే ఒత్తిడి ఎక్కువ.

మూడో వారం నుంచి అసలు మజా. వంగడం నేర్పించారు, నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర. రెండు చేతుల్లో సామాన్లుంటే కారు డోర్‌ని వెనక్కి పిరుదులతో నెట్టి మూస్తాం కదా, అదే మూవ్‌మెంట్. అది వచ్చాక బరువు. ఇంట్లో డంబెల్స్ లేవు. ఇండియన్ స్టోర్‌లో తెచ్చిన సోనామసూరి బియ్యం బ్యాగ్ ఉంది కదా! ముందు 10 పౌండ్ల బ్యాగ్, ఆ తర్వాత 20 పౌండ్ల బ్యాగ్. నేల మీద నుంచి సోఫా మీదకి, సోఫా మీద నుంచి నేల మీదకి. వారానికి మూడు రోజులు. కైరోప్రాక్టర్ విజిట్లు వారానికి ఒకటి, తర్వాత రెండు వారాలకి ఒకటి, మొత్తం తొమ్మిదితో అయిపోయాయి. తొమ్మిదో విజిట్‌లో టక్ లేదు, ఎక్సర్‌సైజ్ చెక్ మాత్రమే. సైడ్ ప్లాంక్ మొదటి రోజు 14 సెకన్లు, చివరికి 52.

నొప్పి పూర్తిగా పోయిందా అంటే లేదు. లాంగ్ డ్రైవ్ చేస్తే ఇప్పటికీ వస్తుందట. కానీ వచ్చినప్పుడు ఏం చేయాలో తెలుసు అన్నారు. ఇంకో ఫొటో పంపారు, అందులో బియ్యం బ్యాగ్ లేదు, భుజం మీద పాప ఉంది. ఆ ఫొటో నేను చూపించను, అది వాళ్ళ ఇంటి విషయం.

ఒక మనిషి కథతో రుజువేం కాదు, ఆ మాట నేనే అంటా. రుజువు కోసం పైన చెప్పిన ట్రయల్స్ చూడండి. ఈ కథ చెప్పింది, రెండు పద్ధతులు కలపడం అంటే గదిలో ఎలా ఉంటుందో మీకు కనపడాలని.

మెడ గురించి మాత్రం విడిగా చెప్పాలి. మెడని వేగంగా మెలిపెట్టి విరవడం నడుము లాంటిది కాదు. మెడలో మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమనులు ఉన్నాయి. అరుదుగానే అయినా వాటి గోడ చీలి స్ట్రోక్ వచ్చిన కేసులు డాక్టర్లు రికార్డ్ చేశారు. చేసినవాళ్ళకే వచ్చిందా, అప్పటికే చీలిక మొదలై మెడ నొప్పితో వచ్చారా అనే వాదన ఇంకా ఉంది. 2022లో మన హైదరాబాద్‌లోనే పార్లర్‌లో తల వెనక్కి వాల్చి హెయిర్ వాష్ చేయించుకున్న ఒకావిడకి స్ట్రోక్ వచ్చిందని వార్తల్లో చూశాం. ఎప్పుడూ లేనంత తీవ్రమైన కొత్త మెడ నొప్పి, తల తిరగడం, మాట తడబడటం, చూపు రెండుగా కనపడటం ఉంటే ఎవరితోనూ మెడ ముట్టించుకోకండి. సెలూన్‌లో హెడ్ మసాజ్ చివర్లో అన్న ఫ్రీగా మెడ విరుస్తాడు చూడండి, ఆ ఫ్రీ ఆఫర్ కూడా వద్దని చెప్పండి. మెడకి ఎక్సర్‌సైజూ, నెమ్మదిగా చేసే చేతి వైద్యమూ ఉండగా ఆ రిస్క్ ఎందుకు అనేది నా ఒపీనియన్.

మన దగ్గర సంగతేంటి? అమెరికాలో కైరోప్రాక్టిక్ అంటే కొన్నేళ్ళ డాక్టరేట్ కోర్సు, 50 రాష్ట్రాల్లోనూ లైసెన్స్ ఉంటుంది. మన దేశంలో కైరోప్రాక్టర్లకంటూ ప్రత్యేక కౌన్సిల్ లేదు. బయట చదువుకుని వచ్చినవాళ్ళూ ఉంటారు, నాలుగు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టినవాళ్ళూ ఉంటారు. అందుకే ఎక్కడ చదివారు, ఎన్నేళ్ళు చదివారు అని మొహమాటం లేకుండా అడగండి. నిజానికి మన ఊళ్ళలో ఈ కాంబినేషన్ మీకు మాన్యువల్ థెరపీ తెలిసిన ఫిజియోథెరపిస్ట్ దగ్గరే తేలిగ్గా దొరుకుతుంది. బీపీటీ, ఆ పైన ఎంపీటీ ఆర్థో చేసినవాళ్ళు. అక్కడ కూడా కరెంట్ పెట్టి, వేడి పెట్టి, పది రోజులు పడుకోబెట్టి పంపేవాళ్ళు ఉన్నారు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: "నేను ఇంట్లో ఏం చేయాలి సర్, ఎన్నిసార్లు, ఎప్పుడు పెంచాలి?" దీనికి జవాబు లేకపోతే ఇంకో చోటు చూసుకోండి.

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఇంకో పద్ధతి ఉండేది లెండి. నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత మూడుసార్లు తన్నించేవాళ్ళు. అదీ ఒక రకం మానిప్యులేషనే అనుకోవచ్చు, ఫీజు మాత్రం లేదు. తన్నాక మర్నాడు పొలం పని మామూలే, కాబట్టి రిహాబ్ కూడా ఆటోమేటిక్! నవ్వుకోడానికి చెప్పా, ఇంట్లో ట్రై చేయొద్దు ప్లీజ్.

ముందే డబ్బు కట్టించుకునే పెద్ద ప్యాకేజీ మీకెవరైనా చెప్పి ఉంటే, అందులో ఎక్సర్‌సైజ్ ఎన్ని సెషన్లు ఉందో కామెంట్‌లో రాయండి. క్లినిక్ పేర్లు రాయొద్దు, డిలీట్ చేస్తా. మోకాళ్ళ గురించి అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా అమ్మకీ నాన్నకీ అని. నెక్స్ట్ ఎపిసోడ్ అదే. వాళ్ళు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో ఈ వారంలో లెక్కపెట్టి ఉంచండి, పక్కన మీరు నిలబడండి. ఆ నంబర్ మనకి పనికొస్తుంది. ఉంటా మరి, బై.